కాటయ్య తల పట్టిన పిల్ల

"మీ నాన్నగారెక్కడండీ?"

"మిమ్మల్నే అడుగుదామని వచ్చిన మేడం. మంచం మీద లేడు!"

సూర్యాపేట దవాఖానలో, ఎండోస్కోపీ గది ముందు ఉపేందర్, అక్కడి నర్సు నవనీత మాట్లాడుకున్న మొదటి మాటలివి. ప్రేమకథ ఇలా మొదలవకూడదు. ఏం చేస్తాం, కాటయ్య పారిపోయాడు మరి.

కాటయ్య ఉపేందర్ తండ్రి. గొర్రెలమందే ఆయన లోకం. ఈమధ్య పొద్దున్నే మందలో కళ్లు తిరిగి పడిపోతున్నాడు. నోట్లో బెల్లం ముక్క పెడితే లేచి కూర్చుంటున్నాడు. తెల్లారకముందే కల్లు తాగాడని ఊరంతా నవ్వింది. మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే ఉపేందర్ సెలవు పెట్టి స్కానింగ్ చేయిస్తే అసలు సంగతి తేలింది. క్లోమంలో శనగగింజంత గడ్డ. క్యాన్సర్ కాదు గానీ, ఇన్సులిన్ కుమ్మరించి ఒంట్లో షుగర్ని పడగొట్టేస్తోంది. బెల్లం అందేలోపే ఏదో ఒక రోజు ప్రాణం పోవచ్చు.

"రేపటి ట్రీట్‌మెంట్ గురించి ఆయనకేం చెప్పారు?"

"గొంతులకెల్లి పైపు పోతది, దాంట్లకెల్లి సూది పోయి గడ్డను కాలుస్తదని చెప్పిన."

"మత్తిస్తారని?"

"అది మర్శిన."

"గొప్ప కొడుకువే!" అనేసి నవనీత నాలుక కరుచుకుంది. ఉపేందర్‌కి కోపం రావాలి. రాలేదు.

అంతలో అతని తల్లి అలివేలు ఫోన్. "మీ నాయన మునగాల కాడ మందకే వచ్చిండురా. కడ్డీ కాలుస్తుండు. పొట్ట మీద తనే వాత పెట్టుకుంటడంట!"

జబ్బు చేసిన గొర్రెకు వాత పెట్టడం ఆ ఇంట్లో తాతల నాటి వైద్యం.

నవనీతకి అప్పటికే డ్యూటీ అయిపోయింది. ఇల్లు కోదాడలో, మునగాల దారిలోనే. బ్యాగు తీసుకుని అతని బండెక్కింది. హైవే ఎక్కగానే వాన మొదలైంది.

"జర గట్టిగ పట్టుకోండి మేడం."

"బండినే పట్టుకున్నానండీ."

"నేను గూడ బండినే అన్న!"

వెనక ఆమె నవ్వు వాన చప్పుడులో కూడా వినిపించింది.

మంద పక్కన, వానకి అడ్డంగా కట్టిన పట్టా కింద నిప్పులు. అందులో ఎర్రగా కడ్డీ. "దూరం జరుగుండ్రి" అన్నాడు కాటయ్య.

నవనీత ఆయన పక్కనే గొంతుక్కూర్చుంది. "పెద్దయ్యా, గొర్రెకి వాత పెడితే గొర్రెనంతా కాలుస్తావా?"

"నాకేం పిచ్చా? నొప్పి ఉన్న కాడనే."

"నీ గడ్డ కడుపులో బాగా లోపల ఉంది. ఈ కడ్డీ అంత లోపలికి పోతుందా?"

కాటయ్య కడ్డీ కొసనీ, తన పొట్టనీ మార్చి మార్చి చూశాడు.

"మా సూది పోతుంది. స్కానింగులో చూసుకుంటూ గడ్డలోకి దించాకే దానికి వేడి పెడతారు. గడ్డ కాలుతుంది, పొట్ట మీద కోత ఉండదు. నువ్వు మత్తులో ఉంటావు."

కాటయ్య కళ్లు తడిశాయి. "ఎన్ని జీవాలకు వాతలు పెట్టిననో బిడ్డా. అవి ఎట్ల అరుస్తయో నాకెరుక. అప్పుడు తల పట్టేటందుకు ఇంటోళ్లే ఉండాలె. బయటోళ్లు పడితే జీవం బెదురుతది. మీ దవాఖానల తలుపేస్తరు. నా తలెవరు పడ్తరు?"

"నేను పడతాను" అంది నవనీత.

ఉపేందర్‌కి దగ్గు వచ్చింది. కాటయ్య కడ్డీని పక్కన పడేశాడు.

మర్నాడు ఎండోస్కోపీ గదిలో డాక్టర్ పని చేస్తున్నంతసేపూ నవనీత కాటయ్య తల వదల్లేదు. బయట ఉపేందర్ జేబులో బెల్లం పొట్లం పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ మరునాడు పొద్దున బెల్లం పెట్టకుండానే షుగర్ చూశారు. పడిపోలేదు. అలివేలు ఏడుస్తూనే నవ్వింది.

"నా తల పట్టిందెవరు?" అడిగాడు కాటయ్య.

"నేనే."

"అయితే ఇగ నువ్వు బయటిపిల్లవు కాదు. ఏమంటవే అలివేలూ?"

"నన్నడుగుతవేంది? ఆ పిల్లనడుగు."

ఉపేందర్ మొహం ఎర్రబడింది. "ఊకో నాయనా! డ్యూటీ గనుక పట్టింది. మీరు పరేషాన్ కాకుండ్రి మేడం."

"పట్టుకోవడం డ్యూటీయేనండీ" అంది నవనీత. "కానీ మందలో మాటిచ్చేటప్పటికే నా డ్యూటీ అయిపోయింది. ఇంటివాళ్లే పట్టాలని ఆయన చెప్పాకే పడతానన్నాను. మీరు దగ్గారు కూడా."

ఉపేందర్‌కి మళ్లీ దగ్గు వచ్చింది.

నవనీత చెయ్యి చాపింది. "జేబులో బెల్లం ఉందిగా? మామయ్యకి ఇక అక్కర్లేదు. ఇటివ్వండి, నోరు తీపి చేసుకుంటా."