బొగ్గు మలుపులో బీడీ

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో బొగ్గు మలుపంటే డ్రైవర్లకు హడలు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సుల్ని బొగ్గు గ్యాసుతో నడిపేవాళ్లు. అలాంటి బస్సొకటి ఆ ఎత్తులో ఆగిపోయింది. డ్రైవరు మునెయ్య దిగి, వెనక బొగ్గుపొయ్యి కెలుకుతుంటే... బస్సు వెనక్కి జారింది. మునెయ్య దాని కిందే పోయాడు.

అప్పట్నుంచి ఏ మతం డ్రైవరైనా అక్కడ బండి నిలిపి, దిగి, రాతి మీద ఒక బీడీ పెట్టి పోవాలి. ఇంజను మాత్రం ఆగకూడదు. ఆగిందా — మునెయ్య లేచి వస్తాడంటారు.

అల్లాబకాష్‌కు వచ్చిన చిక్కు అదే. యాభై ఒకటో సంవత్సరం మాట. ఉదయగిరి బట్టల వ్యాపారి కోదండరామయ్య శెట్టి కారుకు అతను డ్రైవరు. కారు ఎత్తులెక్కలేక రొప్పుతోందని మద్రాసు నుంచి పెద్ద కార్బురేటర్ తెప్పించి, తన చేతులతోనే బిగించాడు. ఇప్పుడు ఎత్తులు బాగానే ఎక్కుతోంది. కానీ యాక్సిలేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఇంజను టక్కున ఆగిపోతోంది. ప్లగ్గులు మార్చాడు. కార్బురేటర్ స్క్రూ తిప్పీ తిప్పీ దాని తల అరగదీశాడు. మూడు రోజులుగా తిండి సయించడం లేదు.

శెట్టి తేల్చి చెప్పేశాడు. "బాగుండే బండిని చెడగొట్టినావు బకాషూ. రేపు పొద్దున వాకిట్లో నిలబడి ఆడకపోతే బండి తాళం ఆ డ్రైవరు సామ్యేలుకే."

ఆ సాయంత్రం శెట్టి బావమరిదిని ఆత్మకూరులో దించి, దారంతా ఆగుతూ ఆగుతూ వచ్చేసరికి మలుపు దగ్గరే చీకటి పడింది.

దిగకుండా బీడీ పెట్టేదెట్లా? కాలు తీయకుండా దిగేదెట్లా?

హ్యాండు బ్రేకు లాగి కాలు తీశాడు... ఇంజను ఆగింది.

చుట్టూ చిమ్మచీకటి. దిగి, గబగబా రాతి మీద బీడీ పెట్టి, ముందుకొచ్చి ఇంజను స్టార్ట్ చేసే హ్యాండిల్ తిప్పాడు. ఇంజను అందుకుంది. బానెట్ లోపల ఎప్పటిలాగే 'స్‌స్...' అని సన్న చప్పుడు. పరుగున సీటు దగ్గరికి పోయేలోపే ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ ఆగింది. ఆరోసారికి అరచేతులు బొబ్బలెక్కాయి. భయం పోయి ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండింది.

"మునెయ్యా," అన్నాడు పళ్లు నూరుతూ. "బీడీ తాగేది నువ్వు. ఇంజను పట్టుకునే పని కూడా నువ్వే చెయ్యి. నావల్ల కాదు."

చీకట్లో కాలిన బొగ్గు వాసన... గుప్పుమంది.

హ్యాండిల్ తిప్పాడు. ఇంజను అందుకుంది. ఈసారి — ఆగలేదు.

సీట్లో ఎవరూ లేరు. యాక్సిలేటర్ మీద కాలు లేదు. అయినా ఇంజను నిమ్మళంగా ఆడుతోంది. ఆ 'స్‌స్' చప్పుడు మాయమైంది. బకాష్ బానెట్ ఎత్తలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఉదయగిరి దాకా నోట్లో దువా ఆగలేదు.

తెల్లారి శెట్టి వాకిట్లో కారు ఆడుతూ నిలబడింది. తాళం కోసం వచ్చిన సామ్యేలుకు నమ్మకం కలగలేదు. "ఏదో మాయ చేసినాడు శెట్టీ, చూస్తా ఉండు," అంటూ బానెట్ ఎత్తాడు. సామ్యేలు ఒకప్పుడు మునెయ్య బస్సులో కండక్టరు.

కొత్త కార్బురేటర్ పాత గొట్టానికి సరిగ్గా అతకలేదు. గాలి పీల్చుకునే సందొకటి ఉంది; ఆ 'స్‌స్' చప్పుడుకీ, ఇంజను ఆగిపోవడానికీ కారణం అదే. దాన్నే ఎవరో నల్లటి మెత్తటి పూతతో నున్నగా మూసేశారు. సామ్యేలు గోటితో గీకి వాసన చూశాడు. మొహం పాలిపోయింది.

"బంకమట్టి, బొగ్గుబూడిద, బెల్లంనీళ్లు," అన్నాడు మెల్లగా. "గ్యాసు గొట్టానికి గాలి దూరకుండా ఇట్ల పూసేవాడు ఒక్కడే ఉండె. ఇది నువ్వు పూసినావా బకాషూ?"

బకాష్ తల అడ్డంగా ఊపాడు.

పూత మీద బొటనవేలి గుర్తు ఉంది. మధ్యలో కత్తి గాటులా అడ్డగీత. సామ్యేలు దాన్ని ఒక్కసారి చూసి, బానెట్ దించేసి, ఇంజను ఆపి, తాళం తీసి బకాష్ చేతిలో పెట్టాడు.

"ఆయన వేలికి ఆ గాటు పడిన దినం కట్టు కట్టింది నేనేరా," అన్నాడు. "నాకొద్దు ఈ బండి."

ఆ సాయంత్రం బకాష్ మళ్లీ మలుపుకు పోయాడు. కారు నిలిపి, కాలు తీసి, దిగాడు. ఇంజను ఆడుతూనే ఉంది. రాతి మీద నిన్నటి బీడీ... సగం దాకా కాలి ఉంది.