ఐసు తొట్టిలో చెయ్యి

జువ్వలదిన్నె రేవులో సాయంత్రం నాలుగైంది. ఐసు షెడ్డులో గురవమ్మ దిమ్మలు పగలగొడుతోంది. ఆమె సుత్తి దెబ్బకు శ్రీలంకలో పిల్లలు నిద్రలో ఉలిక్కిపడి లేస్తారు. చేపలు నింపే నీలం తొట్టిలో మెడ దాకా ఐసు పోయించుకుని, ఆమె మేనకోడలు రోజారమణి కూర్చుని ఉంది.

పదిహేనేళ్ళుగా కుస్తీ షోల్లో ‘సముద్రపు సివంగి’ ఆమే. ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకునే ఆటే, కానీ పడటం మాత్రం ఉత్తుత్తిది కాదు. ఊరికో ఎముక వదిలిపెట్టి వచ్చింది. వాచిన మోకాలు గుమ్మడికాయను వెక్కిరిస్తోంది. ఇంకొక్కసారి మెడ మీద పడితే ఇక మంచం దిగేది లేదని డాక్టరు చెప్పాడు. ఆరింటికి మళ్ళీ ఆట ఉంది.

"పొయ్యేదేనా మే?" అంది గురవమ్మ.

"పోకపోతే మేనేజరు ఆనందబాబు ఊరుకుంటాడా అత్తా?"

"వాణ్ణి పడమను ఒకసారి. ఆ పొట్ట బరువుకి రింగు పాతాళానికి పోతాది."

రోజారమణి నవ్వింది. గురవమ్మ ఇంకో దిమ్మ తేవడానికి బయటికి పోతూ తలుపు దగ్గరికి వేసింది.

కిటికీ లేని షెడ్డు. అమోనియా ఘాటు, చేపల జిగురు వాసన. ఎక్కడో నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్నాయి...

ఐసు కింద ఎవరో ఆమె చెయ్యి నొక్కారు.

తిమ్మిరి అనుకుంది. మళ్ళీ నొక్కారు. చిన్నగా, ఒకే ఒక్కసారి.

ఆ నొక్కుడు ఆమెకు తెలుసు. రింగులో మాట్లాడితే జనం పసిగడతారు. అందుకే పడినవాళ్ళ చెయ్యి నొక్కుతారు, బాగున్నావా అని. తిరిగి నొక్కితే, బాగున్నా, కానీయ్ అని. పోయినేడు ఆమెతో తలపడిన ఉష, తన మెడ మీదే పడినప్పుడు రోజారమణి చెయ్యి నొక్కింది. ఉష చెయ్యి కదల్లేదు. ఆపనా అన్నట్టు చూస్తే, రింగు పక్కనుంచి ఆనందబాబు కానిమ్మని సైగ చేశాడు. ఆమె ఉష మీద పడుకుని అదిమిపట్టింది. రెఫరీ నేల మీద మూడు దెబ్బలు కొట్టాడు. మూడోది పడితే ఓడినట్టు.

ఉష మళ్ళీ లేవలేదు.

ఐసు కింద ఇంకో నొక్కుడు... గట్టిగా.

వేళ్ళకు చుట్టిన టేపు తగిలింది. చిటికెన వేలు వంకర. ఉషదే.

తిరిగి నొక్కితే వదిలేస్తుందేమో... పదిహేనేళ్ళుగా అందరికీ చెప్పిన అబద్ధమే కదా...

"లేదు ఉషా," అంది గుసగుసగా. "బాగా లేను. నొక్కను."

చెయ్యి వదిలింది.

తలుపు తెరుచుకుంది. ముందు పొట్ట వచ్చింది. చాలాసేపటికి దాని వెనక ఆనందబాబు, చేతిలో నొప్పి ఇంజెక్షనుతో.

"లే రోజమ్మా. ఒక్క సూది, అంతే. గ్రౌండు నిండిపోయింది."

"రాను."

"ఏంది?"

"రానంటున్నా. ఆరోజు నువ్వు కానీయమంటే కానిచ్చినా. ఇంక కానియ్యను. కావాలంటే నువ్వే పోయి పడు."

"వేషాలెయ్యబాక." చొక్కా చెయ్యి మడిచి ఐసులోకి దోపాడు. తడిమి, దొరకబుచ్చుకుని, గట్టిగా నొక్కి పట్టాడు. "దొరికినావు. పద."

రోజారమణి మెల్లగా రెండు చేతులూ పైకెత్తింది.

"అన్నా... నా చేతులు ఇవిగో."

ఆనందబాబు ముఖానికి సున్నం కొట్టినట్టయింది. సూది జారిపోయింది. చెయ్యి లాగాడు. రాలేదు.

"నొక్కినావా?" అందామె. "నొక్కినావంటే... బాగున్నా, కానీయ్ అన్నట్టే."

తొట్టిలోంచి లేచి, కుంటుకుంటూ అతన్ని దాటి నడిచింది. వెనక్కి చూడకుండానే తలుపు లాగేసి పోయింది.

తొట్టి అడుగున దెబ్బ పడింది. ఒకటి...

రెండు...

గురవమ్మ దిమ్మతో వచ్చి తలుపు తీసింది. అతని చెయ్యి ఊడివచ్చింది. తొట్టి బోర్లించి చూస్తే వట్టి ఐసే. అతని వేళ్ళకు మాత్రం తడి టేపు చుట్టి ఉంది. ఊళ్ళో కత్తెరలన్నీ మొండిబారాయి గానీ అది తెగలేదు.

రోజారమణి మళ్ళీ రింగు ఎక్కలేదు. ఆనందబాబు మాత్రం ఎక్కడ తలుపు కొట్టిన చప్పుడైనా చెవులు మూసుకుని కూలబడతాడు.

మూడోది ఇంకా పడలేదు.