పేరెత్తని బియ్యం

మంగళవారం పొద్దున మగ్దలేనమ్మ తలుపు తీసేసరికి గడప మీద బియ్యం మూట ఉంది.

తాను కట్టిన మూటే. తాను వేసిన ముడే. నిన్న పొద్దెక్కాక, వాడకట్టు అంతా పత్తి చేన్లకు పోయాక, సాయవ్వ వసారాలో బోర్లించిన గంప కింద పెట్టి వచ్చిన మూట... ముడి కూడా విప్పకుండా తిరిగి వచ్చింది! కళ్లకు పొర కమ్మిన ముసలిది, గోడలు తడుముకుంటూ ఇంత దూరం ఎప్పుడు నడిచి వచ్చిందో! మగ్దలేనమ్మ ఆ మూటను ఒళ్లో పెట్టుకుని గడప మీదే కూలబడింది. పదమూడేళ్లలో ఒక్క మూటా ఇలా వెనక్కి రాలేదు.

జమ్మికుంటకు ఆరు మైళ్ల దూరంలోని ఆ ఊళ్లో, మిషన్ దొరల కాలం నుంచి చర్చి ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. వంటకు తీసిన బియ్యం కడగకముందే ఒక పిడికెడు పొయ్యి పక్క ముంతలో వేస్తారు. ఆదివారం ఆ ముంత తెచ్చి చర్చిలో వెనకనున్న గంపలో ఒంపుతారు. ఎవరు ఎంత ఒంపారో ఎవరూ చూడరు. సోమవారం ఒక్క మనిషి వాటిని మూటలు కట్టి, కుండ ఖాళీ అయిన ఇళ్లలో పెట్టి వస్తుంది. తలుపు తట్టదు. పలకరించదు. తీసుకున్నవాళ్ల పేరు ఎవరి దగ్గరా ఎత్తదు. ప్రార్థనలో కూడా ఎత్తదు! వెనకట ఆ పని సాయవ్వది. కంటిచూపు తగ్గాక ఆమే మగ్దలేనమ్మను పిలిచి గంప చేతిలో పెట్టింది. "కాళ్లు నడువాలె, నోరు నడువొద్దు. గంతే బిడ్డా!" అంది. నాలుగేళ్ల కింద ఆ సాయవ్వ కుండే ఖాళీ అయింది. మగ్దలేనమ్మ మూట పెడుతూ వచ్చింది. ఇద్దరూ ఆ సంగతి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆ పేరు సముద్రాలు దాటింది. దాటించింది తన కడుపున పుట్టిన బిడ్డ!

నయోమి హైదరాబాదులో పెద్ద చదువు చదువుతుండగా, ఒక ఏడాది ఇంగ్లండులో చదివే అవకాశం వచ్చింది. అక్కడి పిల్ల ఒకతె ఇక్కడికి వస్తుంది, ఇక్కడి పిల్ల అక్కడికి పోతుంది. సేవా సంస్థలను ఎలా నడపాలి, దాతలను ఎలా కదిలించాలి, పనిని ఎలా తూచాలి... ఇదీ చదువు. ఈ మాట విని పక్కింటి శంకరవ్వ విరగబడి నవ్వింది. "కుండమార్పిడి పెండ్లిళ్లు సూసిన గని, కుండమార్పిడి సదువు సూడలేదమ్మా! అయినా సాయం జేసుడు నేర్వనీకె విమానమెందుకే? మా సాయవ్వనడిగితే అరుగు మీద కూసోని చెప్పకపోవునా?"

మార్పిడికి వచ్చిన తెల్లపిల్ల కేథరిన్ ఈ ఇంట్లో వారం రోజులు ఉంది. ముంత చూసింది. రోజూ తానూ ఒక పిడికెడు వేసింది. "ఈ బియ్యం ఎవరికి?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది. చెప్పకూడదని మగ్దలేనమ్మ చేత్తో నోరు మూసి చూపింది. ఆ పిల్ల తలవంచి ఊరుకుంది. మళ్లీ అడగలేదు. పరాయి దేశపు పిల్లకు ఒక్క సైగతో అర్థమైంది. ఇరవై అయిదేళ్లు కాపురం చేసిన మొగుడు సామ్యూల్‌కు అర్థం కాలేదు.

మొన్న ఆదివారం చర్చిలో ప్రసంగం అయ్యాక సామ్యూల్ లేచాడు. రిటైరైన హెడ్‌మాస్టరు. ఇస్త్రీ కోటు తొడుక్కుని వచ్చాడు. "మన బిడ్డ రాసిన పుస్తకం ఇంగ్లండుల అచ్చయ్యింది. ఇది సూసి అక్కడి సంఘం వాళ్లు మన ఊర్లె పేదోళ్లకు అన్నం పెట్టే భవనం కట్టిస్తమన్నరు!" అంటూ పుస్తకం ఎత్తి చూపాడు. అట్ట మీద సాయవ్వ! చిరుగుల చీర... ముందు ఒక ఉత్త కుండ... ఎటు చూడాలో తెలియక గాలిలో నిలిచిన ఆ కళ్లు... ఏడాది చదువు ముగించుకుని వచ్చిన నయోమి లేచి గర్వంగా చదివి వినిపించింది. పేరు, ఊరు, వయసు. "ఇరుగుపొరుగు విదిల్చే పిడికెడు బియ్యమే ఈమె బతుకు."

రెండో చాప మీద కూర్చున్న సాయవ్వ తన పేరు విన్నది. మెల్లగా లేచింది. గోడ పట్టుకుని, ఒకరి కాలు తొక్కకుండా, బయటికి నడిచింది. "సంతోషం పట్టలేక ఏడుస్తుంది పాపం!" అన్నాడు సామ్యూల్. ఛీ! ఆ మాట అన్న నోటితోనే ఆ తర్వాత పాట కూడా పాడాడు.

మగ్దలేనమ్మ మూటతో లోపలికి వచ్చింది. సామ్యూల్ సద్ది తింటున్నాడు. నయోమి కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

"సాయవ్వ బియ్యం మర్లగొట్టింది," అంది మగ్దలేనమ్మ.

"పట్టుదల ముసల్ది. రెండు దినాలాగు, అదే తింటది," అన్నాడు సామ్యూల్ ముద్ద దిగమింగుతూ.

"ఆమె పేరెందుకు రాసినవ్ బిడ్డా?"

నయోమి ఓపికగా చెప్పబోయింది. "అవ్వా, నీకు తెల్వదు. పేదోళ్లు లక్షమంది ఉన్నరంటే ఎవ్వరూ పట్టించుకోరు. ఒక్క మనిషి కనవడాలె. పేరుండాలె, మొఖముండాలె. అప్పుడే మనసు కరుగుతది. మా ప్రొఫెసరు తరగతిల అందరికంటె నాదే మంచిగుందన్నడు. నేను రాసింది అబద్ధమా చెప్పు?"

"నిజమే. నిజమైతే అంగట్ల పెడుతవా?"

"అంగడేంది? భవనమైతే పదిమంది సాయవ్వలు తింటరు! నేను చెడ్డపని చేసిన్నా?"

బిడ్డ కళ్లలో నీళ్లు చూసి తల్లి మనసు కలుక్కుమంది. కానీ ఏం చేస్తుంది? ఎంత మంచి బిడ్డ! ఎంత గుడ్డి చదువు!

అంతలో శంకరవ్వ వచ్చింది. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి, ఆ రోజు నవ్వు లేదు. "మగ్దలేనా, సాయవ్వ పొయ్యి అంటుకోక మూడొద్దులాయె. తలుపు పెట్టుకున్నది. పిలిస్తే ఒక్కటే మాట. 'పింఛన్ కాయితానికని ఫోటువ దిగమన్నడు పంతులు, పింఛన్ వచ్చిందేమో అడుగు' అంటది. ఏం పింఛనే తల్లీ అది?"

నయోమి తలెత్తింది. "పింఛనేంది బాపూ? సాయవ్వ ఒప్పుకున్నదని గద నువ్వు జాబు రాసినవ్!"

సామ్యూల్ చెయ్యి సద్దిలోనే ఆగింది. "ఒక కేసు గావాలె బాపూ, ఫోటో గావాలె అని తొందర పెట్టింది నువ్వే గద! అసలు సంగతి చెప్తే ముసల్ది దిగుతదా? పింఛనని చెప్పి కరీంనగర్ నుంచి ఫోటో ఆయనను తోల్కచ్చిన. దిగింది. ఏం కొంప మునిగింది?"

"ఆమె చర్చికి కట్టే నీలంచు చీర కట్టుకోని కూసున్నది," అంది శంకరవ్వ మెల్లగా. "గీ చీరకు పింఛనియ్యరు, చినిగింది కట్టుమని నువ్వే మార్పిచ్చినవ్ పంతులూ. నేను ఆడనే ఉన్న. కుండ మా ఇంటి నుంచే తెప్పిచ్చినవ్. ఆమె కుండల ఆనాడు బియ్యమున్నయని!"

నయోమి ముఖం పాలిపోయింది. చేతిలోని కాగితాలు జారి సద్దినీళ్లలో పడ్డాయి.

మగ్దలేనమ్మ మొగుడి చేతిని చూసింది. వేళ్ల సందున మెతుకులు. ఆ చేతితోనే జాబు రాశాడు. ఆ చేతితోనే చినిగిన చీర చూపించాడు. ఇన్నేళ్లు ఆ చేతికి అన్నం పెట్టింది తాను! పెరట్లోకి పరుగెత్తి కక్కింది. పరగడుపు... నీళ్లు తప్ప ఏమీ రాలేదు. మూతి తుడుచుకుని లోపలికి వచ్చి, ఎన్నడూ 'మీరు' తప్ప అనని నోటితో అంది.

"నీకు సిగ్గు లేదు. ఆమె సంగతి నీకు తెల్వదా? ఎవ్వలికి తెల్వకున్నా నీకు తెల్వదా?"

సామ్యూల్ చూపు తిప్పుకున్నాడు. నయోమి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏం సంగతవ్వా?"

నోరు నడవొద్దని చెప్పిన మనిషి తలుపు వెనక పస్తు పడుకుని ఉంది. మగ్దలేనమ్మ పెదవి కొరుక్కుని, మూట పట్టుకుని బయటికి నడిచింది.

ఆ వారమంతా ఆమె సాయవ్వ తలుపు దగ్గరికి తిరిగింది. మూట పెట్టింది. మూట తిరిగి వచ్చింది. జావ కాచి తీసుకుపోయింది. "నాకు ఆకలైతలేదు, పో," అని లోపలి నుంచి వినిపించింది. ఆ గొంతు రోజు రోజుకూ సన్నబడింది. మంచినీళ్లు మాత్రం శంకరవ్వ కిటికీలోంచి అందిస్తే తాగుతోంది. నయోమి రెండు రోజులు ఆ వసారాలో కూర్చుని ఏడ్చింది. తలుపు తెరుచుకోలేదు. శుక్రవారం నాడు నయోమి ఇంగ్లండుకు జాబు రాసింది. ఫోటో అబద్ధమాడి తీసిందనీ, పుస్తకాలు ఆపించమనీ, భవనం వద్దనీ. అది చూసి సామ్యూల్ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. తండ్రికి జవాబు చెప్పకుండా ఆమె జమ్మికుంటకు నడిచి పోయి, జాబు తానే డబ్బాలో వేసి వచ్చింది.

ఆదివారం గంప అడుగు కూడా నిండలేదు. ఆడవాళ్లు ముంతలు తేలేదు. ఇవ్వడానికి కాదు, ఎప్పుడో తీసుకోవలసి వస్తుందేమోనని భయం. రేపు తమ ముఖం ఏ పుస్తకం అట్ట మీద తేలుతుందో! మగ్దలేనమ్మ ఆ గంపను చూసింది. ఇక సాయవ్వ ఒక్కతే కాదు, పద్ధతే చచ్చిపోతోంది.

పాస్టరయ్య ఆశీర్వాదానికి చేతులెత్తబోతుండగా ఆమె లేచింది. వెనక నుంచి సామ్యూల్, "కూసో... కూసో!" అన్నాడు. అతనికి అర్థమైంది ఏం రాబోతోందో.

"సాయవ్వ గీ గంప బియ్యం తింటదని అందరికి తెలిసింది," అంది మగ్దలేనమ్మ. "ఇంకోలు తిన్నరు. అది గూడ తెలువాలె. నయోమి కడుపుల ఉన్నప్పుడు ఈమె తండ్రికి టీబీ అయ్యింది. ఆస్పత్రిల పడ్డడు. జీతం ఆగింది. నా ఇంట్ల గింజ లేదు. పదకొండు నెల్లు మా వసారల మూట వచ్చింది. పెట్టింది సాయవ్వ. నా బిడ్డ తాగిన పాలు ఆ బియ్యానివే. ఈయన దవాఖాన్ల తాగిన గంజి గూడ ఆ బియ్యానిదే. ఇరవై నాలుగేండ్లు సాయవ్వ మా పేరు ఎత్తలే. ఈయన పెద్ద పంతులైండు, గీ కోటు తొడిగిండు, గీడ నిలవడి ప్రసంగాలు చేసిండు... అప్పుడు గూడ ఎత్తలే! ఆ పెద్దమనిషి పేరును ఈయన అమ్ముకున్నడు."

మగ్దలేనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చాప మీద కూలబడింది. నయోమి తల్లి ఒళ్లో తల పెట్టి, "నాకెందుకు చెప్పలేదవ్వా... నాకెందుకు చెప్పలేదు!" అని వెక్కి వెక్కి ఏడ్చింది. సామ్యూల్ లేచి బయటికి నడిచాడు. ఎవరూ అతన్ని ఆపలేదు. దారి ఇవ్వడానికి ఆడవాళ్లు చీరలు దగ్గరికి లాక్కున్నారు, తగలకుండా.

సోమవారం మగ్దలేనమ్మ మూట పట్టుకుని పోయేసరికి సాయవ్వ తలుపు తెరిచి ఉంది. ముసలామె గడపలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఎముకల మీద చర్మం. నీలంచు చీర కట్టుకుంది.

"నువ్వేనా?"

"నేనే అవ్వా."

"శంకరవ్వ చెప్పింది నిన్నటి సంగతి." సాయవ్వ దమ్ము తీసుకుంది. "ఎందుకు చెప్పినవే? ఇరవై నాలుగేండ్లు నా నోట్లె దాసిన. సావుదాంక దాసేదాన్ని. నా చేతుల ఉన్నది గదొక్కటే... దాన్ని గూడ నువ్వే పారవోసినవ్!"

మగ్దలేనమ్మ ఆమె కాళ్లు పట్టుకుని బావురుమంది. మెచ్చుకుంటుందని కాకపోయినా, ఈ మాట వస్తుందని అనుకోలేదు. సాయవ్వ ఆమె తల మీద చెయ్యి వేయలేదు. చెయ్యి చాపి మూట తడిమి తీసుకుంది. ముడి విప్పింది.

"పొయ్యిల నిప్పెయ్యి. తింట. తినకుంటే నువ్వు సస్తవ్," అంది. "నీ మొగడు నా గడప తొక్కొద్దు. నీ బిడ్డ... జరంత ఆగనియ్యి. ఒక ఏడాది ఆ ముంతల పిడికెడు ఏసుడు నేర్వనియ్యి. మంచిగ నేర్చిందనిపిస్తే నేనే పిలుస్త."

పొయ్యి అంటుకుంది.

నయోమి హైదరాబాదు పోలేదు. పొద్దునా సాయంత్రం ఆమే బియ్యం తీసి, కడగకముందే ముంతలో పిడికెడు వేస్తోంది. సోమవారాలు సాయవ్వ ఇంటి వైపు చూస్తుంది. పిలుపు ఇంకా రాలేదు. మగ్దలేనమ్మ మొగుడికి పళ్లెం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, అవతలికి పోతుంది.

పత్తి ఏరే పనులు అయిపోయే రోజుల్లో ఒక పొద్దున, వంటింట్లో ఎవరూ లేరనుకుని సామ్యూల్ లోపలికి వచ్చాడు. బుట్టలోంచి ఒక పిడికెడు బియ్యం తీశాడు. ముంతలో వేశాడు. కళ్లు తుడుచుకుని బయటికి పోయాడు. పెరటి గుమ్మం చాటు నుంచి మగ్దలేనమ్మ అంతా చూసింది.

అతని చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది. ముంత దగ్గరికి వచ్చి, పైన పడ్డ ఆ పిడికెడు జాగ్రత్తగా వేరు చేసి తీసింది. కింది బియ్యం ఒక్క గింజ కూడా రాకుండా. పెరట్లోకి పోయి కోళ్లకు చల్లింది. చెయ్యి కడుక్కుని వచ్చి పొయ్యి మీద ఎసరు పెట్టింది.