నాలుగు మెట్ల కింది గది

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక రొయ్యల షెడ్డులో నాలుగు మెట్లు దిగితే ఓ గది వస్తుంది. రాత్రి డ్యూటీ ఆడవాళ్లు ఎంత అలిసినా అక్కడ నడుం వాల్చరు. వాలిస్తే గుండెల మీద ఎవరో వచ్చి కూర్చుంటారని దానికి పేరు...

ఆ మే నెల రాత్రి కరెంటు పోయింది. షెడ్డంతా కుంపటిలా ఉంది. గౌరీశ్వరి అయిదు నెలల పిల్లని చంకనేసుకుని ఆ మెట్లవైపు నడిచింది.

"ఒలే, అటెల్లకు," అంది పోతమ్మ. పాతికేళ్లుగా అక్కడ రొయ్యలు ఒలుస్తున్న మనిషి.

"దెయ్యమా పిన్నీ? మా అత్తతో కాపరం సేత్తన్నాను. దీనికి బయపడాలేటి?"

ఆడవాళ్లు నవ్వారు. కాసేపటికి కిందినుంచి మాట వినిపించింది.

"మూలనున్న పెట్టెలు కాళీయే పిన్నీ. ఐసుంటే నీరు కారదా? నేల మీద సుక్క తడి నేదు. అయినా... గది సల్లగుంది."

ఇనప కడ్డీకి చీర ఉయ్యాల కట్టి, దాని కిందే పడుకుంది.

అరగంట గడిచింది. పిల్ల ఏడుపు మొదలైంది. ఆగడం లేదు. తల్లి జోకొట్టిన చప్పుడూ లేదు.

"గౌరీ..."

పలకలేదు.

పోతమ్మ ఫోన్ లైటు వేసుకుని దిగింది. నేలబారున తెల్లటి పొగ — మోకాళ్లదాకా. ఉయ్యాల్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పొగలో గౌరీశ్వరి కదలడం లేదు.

పోతమ్మ వంగింది. సోడా తాగినట్టు ముక్కు ఘాటెక్కింది. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టే... లేచి నిలబడితే ఊపిరి వచ్చింది. మళ్లీ వంగితే — పోయింది.

అది నేలమీదే ఉంది. నిలబడ్డవాళ్లని ముట్టుకోవడం లేదు.

సముద్రంలో మునకేసే ముందు పట్టినట్టు పోతమ్మ ఊపిరి బిగబట్టింది. గౌరీశ్వరి చంకల కింద చేతులేసి మెట్లమీదికి ఈడ్చింది. మళ్లీ దిగి పిల్లని తెచ్చింది.

బయటి గాలి తగిలాక గౌరీశ్వరి దగ్గింది. పిల్లకోసం చెయ్యి చాపింది.

సూపర్‌వైజర్ కృష్ణంరాజు పరుగెత్తుకొచ్చాడు.

"ఆ పెట్టెల్లో డ్రై ఐసుందమ్మా. విమానమెక్కే సరుకు కోసం తెచ్చింది. అది కరిగి నీరవదు, తిన్నగా గాలైపోద్ది. మామూలు గాలికంటే బరువు. కిందే పేరుకుపోద్ది. పడుకున్నోళ్లకి ఊపిరాడదు."

"మరి మాకెందుకు సెప్పనేదు?" అంది పోతమ్మ.

"చెబితే గాలి లాగే ఫ్యాను పెట్టమంటారు. ఓనరు పెట్టడు. అందుకే..." అతని గొంతు తగ్గింది. "దెయ్యముందని పుకారు పుట్టించింది నేనే. భయపడి ఎవరూ పడుకోరనుకున్నాను."

గౌరీశ్వరి పిల్లని హత్తుకుని, బొంగురుపోయిన గొంతుతో మెల్లగా అంది —

"దెయ్యాలంటే నాకు బయం నేదు బాబూ. ఊపిరాడదని సెప్పుంటే... దిగేదాన్ని కాదు."