మూడుసార్లు పంపిన మెయిల్

"మీరు నిజంగానే పంపారా?"

ఆ అమ్మాయి బెన్నీతో అన్న మొదటి మాట అదే. పొద్దుటి నుంచి అదే ప్రశ్న విని విని ఉన్నాడేమో, అతనికి చిర్రెత్తుకొచ్చింది.

"మూడుసార్లు పంపిన మేడమ్! ఇంకెన్నిసార్లు చెప్పాలె? బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పాల్నా?"

"అక్కర్లేదు. సర్వర్ ఏ గదిలో ఉందో చూపించండి చాలు" అందామె, తడిసిన రెయిన్‌కోటు విప్పి కుర్చీ మీద ఆరేస్తూ.

నాచారంలో వాల్వులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ అది. సరుకు లారీ ఎక్కగానే టెస్ట్ సర్టిఫికెట్లు కొన్నవాళ్ళకు మెయిల్ చేయడం డిస్పాచ్‌లో ఉన్న బెన్నీ పని. నాగపూర్ వెళ్ళిన లారీ నిన్నటి నుంచి అక్కడి గేటు బయటే నిలబడి ఉంది. సర్టిఫికెట్లు వస్తే గాని సరుకు దించుకోరట. వాట్సాప్‌లో పంపితే కుదరదు, కంపెనీ మెయిల్ నుంచే రావాలి. పంపానని బెన్నీ అంటాడు, రాలేదని వాళ్ళంటారు. ఓనర్ రామకృష్ణ గారు వాళ్ళనే నమ్మారు.

"సాయంత్రంలోగా తేలకపోతే రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు" అనేశారు, అందరూ వింటుండగానే.

అలాంటి పూట ఏఎస్ రావు నగర్‌లోని కంప్యూటర్ సర్వీస్ కంపెనీ నుంచి వచ్చింది హరిత. అరగంట సేపు కీబోర్డు తప్ప ఏమీ పలకలేదు. బెన్నీ గుమ్మంలోనే నిలబడ్డాడు. ముఖం మీద పడుతున్న జుట్టును ఆమె మోచేత్తో వెనక్కి తోసుకోవడం, అది మళ్ళీ జారి పడటం చూస్తూ, ఇంత కష్టంలో ఇదేం చూపు అని తనను తానే తిట్టుకున్నాడు.

"సార్, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది హరిత. రామకృష్ణ గారు వచ్చారు.

"మొన్న పొద్దున పది పన్నెండుకి ఒకటి, నిన్న పదకొండున్నరకి ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఇంకొకటి. మూడూ ఇక్కడి నుంచి బయల్దేరాయి. నాగపూర్ సర్వరే తీసుకోలేదు. పోయిన వారం మీరు కొత్త ఇంటర్నెట్ లైన్ వేయించారు కదా? మీ పేరుతో ఎవరు మెయిల్ పంపొచ్చో చెప్పే లిస్టులో ఇంకా పాత లైన్ నంబరే ఉంది. అందుకని వాళ్ళ సర్వర్ మిమ్మల్నే దొంగ అనుకుంది."

"మరి తిరిగొచ్చినట్టు మాకు తెలియాలి కదమ్మా?"

"వాళ్ళ సర్వర్ తెలిపింది సార్. ఆ నోటీసులన్నీ పోయినేడు మానేసిన మీ మేనేజర్ మెయిల్‌బాక్స్‌లో పడుతున్నాయి. ఇతని తప్పేం లేదు."

ఇతని తప్పేం లేదు. ఆ మాటకు బెన్నీ కళ్ళు తడయ్యాయి. చటుక్కున కిటికీ వైపు తిరిగి, వాన చూస్తున్నట్టు నిలబడ్డాడు.

లిస్టు సరిచేశాక ఆ మార్పు అందరికీ చేరడానికి రెండు మూడు గంటలు పడుతుందంది. ఆ లోపు అతని టిఫిన్ డబ్బాలోని పులిహోర ఇద్దరూ పంచుకున్నారు.

"మీరొక్కరే నన్ను నమ్మిన్రు మేడమ్."

"నేనేం నమ్మలేదండీ. చూశాను, అంతే" అని నవ్వింది హరిత.

ఆ తర్వాత బెన్నీ నాలుగోసారి పంపాడు. మూడున్నరకు నాగపూర్ నుంచి ఫోన్: సర్టిఫికెట్లు అందాయి, సరుకు దించుతున్నాం. రామకృష్ణ గారు బెన్నీ భుజం మీద చెయ్యి వేసి, "సారీరా" అన్నారు.

ఆ తర్వాత సర్వర్ బంగారంలా పనిచేసింది. అదే అతనికొచ్చిన చిక్కు. రెండు వారాలు ఓపిక పట్టి, ఒక గురువారం పొద్దున సర్వర్ వెనకాల కేబుల్ పీకేసి, మెయిల్స్ పోతలేవని కంప్లైంట్ ఇచ్చాడు.

హరిత వచ్చింది. పది నిమిషాల్లో తల పైకెత్తింది.

"పది నాలుగుకి లైన్ పోయింది. పది నలభై ఒకటికి తిరిగొచ్చింది. గేటు దగ్గరి నుంచి నేను మీకు ఫోన్ చేసింది పది నలభైకి. కేబుల్ ఎవరు పీకారు?"

బెన్నీ బొంకలేకపోయాడు. "నేనే."

"ఎందుకు?"

"మీరొస్తరని."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఉప్పల్‌లో ఒక క్లినిక్‌లో రిపోర్టులు మెయిల్‌లో పోక ముప్ఫై మంది ఎదురుచూస్తున్నారు. వాళ్ళని వదిలేసి వచ్చాను, మీకు మళ్ళీ మాట పడుతుందేమోనని!"

విసురుగా వెళ్ళిపోయింది. బెన్నీ దాచడం చేతగాక జరిగిందంతా రామకృష్ణ గారికి చెప్పేసి, చీవాట్లు తిన్నాడు.

శనివారం సాయంత్రం ఏఎస్ రావు నగర్‌లో హరిత ఆఫీసు మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఆమె దిగి రాగానే గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు.

"మస్తు తప్పు చేసిన. ఆ క్లినిక్‌కి ఎక్కడుందో కనుక్కొని పోయి వాళ్ళకు గూడ సారీ చెప్పిన. ఇంకోసారి గట్ల చెయ్య. మీరంటే నాకిష్టం. ఇది ఆ రోజే చెప్పాల్సింది, చెప్పనీకి ధైర్యం లేక కేబుల్ పీకిన. ఇగ మీ ఇష్టం."

సన్నగా తుంపర మొదలైంది.

"నిన్న క్లినిక్ వాళ్ళు ఫోన్ చేసి చెప్పారు, ఎవరో వచ్చి సారీ చెప్పి వెళ్ళారని. రాత్రి మా అమ్మకి మొత్తం చెప్పాను" అంది హరిత.

"కేబుల్ సంగతి గూడనా?"

"అదే ముందు చెప్పాను. మీరు చర్చికి వెళ్తారని కూడా."

"ఏమన్నది?"

"అడగ్గానే తప్పు ఒప్పుకున్నాడా అంది. ఒప్పుకున్నాడన్నాను. కాసేపు ఆలోచించి, అయితే ఆదివారం భోజనానికి పిలువు, చూస్తాను అంది."

"ఆదివారం పొద్దుగాల ప్రార్థన ఉంటదండీ..." అన్నాడు బెన్నీ నసుగుతూ.

"అది అయ్యాకే రండి. వచ్చేటప్పుడు మీ అమ్మగార్ని కూడా తీసుకురండి" అంది హరిత, గొడుగు విప్పి అతని వైపు కొంచెం జరుపుతూ.