ఎర్ర కలం మీమ్

షుబ్రా పేటలో ఆ ఉదయం ఏ ఇంట్లోనూ పొద్దుటి ఫూల్ గింజల కూర గిన్నె ఖాళీ కాలేదు. పదింటికి పన్నెండో తరగతి ఫలితాలు మరి! ఇన్‌షిరాహ్ కూతురు రద్వా మాత్రం ఫోన్లో తల దూర్చి కిసుక్కున నవ్వుతోంది. ముప్పయ్యేళ్లు బడిలో అరబీ చెప్పి, పిల్లల రాతల్ని ఎర్ర కలంతో చీల్చి చెండాడిన ఇన్‌షిరాహ్‌కు ఆ నవ్వు వింటే ఒళ్లు మండింది.

“సిగ్గు లేకపోతే సరి! డాక్టరు చదువు దక్కుతుందో లేదో తేలే రోజు. కోతి బొమ్మలు చూసి ఇకిలిస్తున్నావా?”

“కోతి కాదమ్మా, గాడిద. వెబ్‌సైటు తెరుచుకోక క్యూలో నిలబడింది.”

“ఆహా, ఏం తెలివి! ఇలా తే.”

ఫోను లాక్కుని, చచ్చిన బొద్దింకల్ని నెట్టినట్టు ఒక్కో మీమ్‌నీ పక్కకు నెట్టింది. “ఇక్కడ అక్షరం తప్పు. ఇక్కడ వాక్యమే లేదు. వీటికి నవ్వేవాళ్లకి బుర్రంటూ ఉంటే గదా!”

తర్వాతి బొమ్మ దగ్గర వేలు ఆగిపోయింది. అందులో ఉన్నది తనే! చేతిలో ఎర్ర కలం. కింద రాత: ‘ఫలితం ఇంకా రాలేదు. మా అమ్మ అప్పుడే మార్కులు కోసేసింది.’ నలభై వేలమంది నవ్వారు.

“నన్ను వీధిన పెట్టావటే! నిన్ను కన్న మొహమే దొరికిందా నీకు?”

రద్వా ఫోను కోసం చెయ్యి చాచింది. “నెల్రోజులుగా ఊపిరాడటం లేదమ్మా. నీకు చెబితే వేషాలంటావు. అది పెట్టిన రోజే కాస్త నిద్రపట్టింది.”

‘వేషాలు’ అన్న మాట నిజంగానే ఇన్‌షిరాహ్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, కింద పిల్లలు రాసినవి చదివింది. ‘మా అమ్మా ఇంతే.’ ‘బాత్రూంలో ఏడుస్తూ నవ్వాను.’ అన్నీ తప్పులే. ఒక్కటీ దిద్దబుద్ధి కాలేదు.

అంతలో వెబ్‌సైటు తెరుచుకుంది. డెబ్భై తొమ్మిది శాతం. డాక్టరు చదువు లేదు. రద్వా తిట్ల కోసం తల వంచుకుని కూర్చుంది.

తెల్లారినప్పటి నుంచి దాచుకున్న భయం ఇన్‌షిరాహ్ కళ్లలోంచి బయటపడింది. బిడ్డనింత బెదరగొట్టింది తనే.

“ఆ ఫోటోలో దయ్యంలా ఉన్నాను. బొమ్మ తీయడం కూడా చేతకాదు నీకు. ఇంకోటి తీయి!” ఫోను తిరిగిచ్చి, కళ్లజోడు ముక్కు చివరకు లాక్కుని, కలం పట్టుకుని, చెంపలు తడుస్తుండగానే కదలకుండా కూర్చుంది. “కింద రాయి. మా అమ్మకీ భయమేసింది.”

రద్వా వెక్కుతూ, నవ్వుతూ రాసింది. ‘భయం’లో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఇన్‌షిరాహ్ చూసింది. కలం పట్టిన చెయ్యి లేచింది, దిగింది.

“పెట్టెయ్” అంది.