చిరుగు కనిపించేలా కట్టిన ఫ్రేము

గూడూరు దగ్గరి తండాలో అది మామూలు ఆదివారం. గోప్యా చీకటితోనే మిరప తోటకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. అతని భార్య జమ్లీ కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. మహబూబాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే కొడుకు ఉపేందర్ బైకు వాకిట్లో ఆగింది. వెనక కూర్చున్న కోడలు సంగీత, దుప్పటి చుట్టిన పెద్ద ఫ్రేమును పసిబిడ్డలా పొదివి పట్టుకుని దిగింది.

"అత్తా, జర ఇటు చూడు," అంటూ దుప్పటి తీసింది.

జమ్లీ పొయ్యి ముందు నుంచి లేచి నిలబడిపోయింది. ఫ్రేములో ఉన్నది తన కాంచళి. పెళ్లైన కొత్తలో అద్దాలు, గవ్వలు, రంగుదారాలతో కుట్టుకున్న రవిక. సందుగ అడుగున పడి ఉంటే కిందటి నెలలో సంగీత అడిగి తీసుకెళ్లింది.

"గమ్ము పెడితే గుడ్డ పాడైతదని ఫ్రేములు కట్టే నగేశన్న దారంతోనే అట్టకు కుట్టిండు. అద్దాలు పగలకుంట ఫ్రేము లోతుగ చేసిండు. ఈ చిరుగు లోపలికి మలుపుమంటవా అని అడిగిండు. వద్దన్న. ఎట్లున్నదో అట్లనే ఉండాలె కదా అత్తా?"

భుజం నుంచి కిందికి జానెడు చిరుగు. జమ్లీ గాజు మీదుగా దాన్ని వేలితో తడిమింది.

"మంచిగున్నది బిడ్డా," అంది.

అది ఎలా చిరిగిందో సంగీతకు తెలియదు. ఉపేందర్‌కు తెలుసు. అయినా నోరు విప్పకుండా మేకు కొట్టి, తలుపుకెదురుగా గోడకు తగిలించాడు.

పొద్దెక్కాక వచ్చిన గోప్యా గడప దాటి ఆగిపోయాడు. చేతిలోని పార కింద పెట్టలేదు.

"గిదెవరు పెట్టిండ్రు గీడ?"

"నేనే మామా. అత్త చేతిపని కదా అని..."

"చిరుగు కనపడేటట్టు కట్టిచ్చినవా? వచ్చెటోళ్లు పోయెటోళ్లు నా మొకం మీద ఉమ్మాల్ననా?"

"నీ మీదెందుకు ఉమ్ముతరు మామా?" అంది సంగీత, ఏమీ అర్థం కాక.

పార గాల్లోకి లేచింది. గాజు పెళ్లున పగిలింది. రెండో దెబ్బకు ఫ్రేము విరిగి నేల మీద పడింది. జమ్లీ పరుగున వచ్చి దాని మీదికి వంగింది. గోప్యా ఆమె జుట్టు పట్టి గుంజాడు.

"ఇడువు! పొయ్యిల ఏస్త దాన్ని!"

ఆమె వదల్లేదు. పార కాడతో వీపు మీద కొట్టాడు. జమ్లీ గాజుముక్కల మీద బోర్లా పడింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం చీరుకుపోయి రక్తం బొటబొటా కారింది.

ఉపేందర్ తండ్రి మెడ పట్టుకుని గోడకేసి గుద్దాడు. మూతి మీద ఒక పిడిగుద్దు, మళ్లీ ఇంకొకటి.

"నన్ను కన్న యాడి వాళ్లన్న ఇంటికి చెప్పకుండ పోయిందని తండా నడిమిట్ల ఆమె రవిక చింపినవ్! చిన్నోన్ని, జూసుకుంట నిలబడ్డ. ఇయ్యాల జంపుత నిన్ను!"

గోప్యా పెదవి పగిలి రక్తం గడ్డం మీదికి జారింది. సంగీత వెనక నుంచి భర్త చెయ్యి పట్టుకుంది. అతను తిరిగి చూడకుండానే విసిరికొట్టాడు. ఆమె ధాన్యం గుమ్మికి తగిలి కూలబడింది.

"నన్ను సుత గొడ్తవా?" అంది ఊపిరి అందక.

ఉపేందర్ పిడికిలి గాల్లోనే ఆగింది.

జమ్లీ నేల మీద నుంచే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నువ్వు మీ బాపు తీరుగ కావద్దనే గదరా, నీకు కనపడకుంట దెబ్బలు తిన్న. ఏడుపు సుత వినపడనియ్యలే. ఏం ఫాయిదా అయింది?"

తండ్రీకొడుకులిద్దరూ తల దించుకున్నారు. గోప్యా తలకు చుట్టుకున్న రుమాలు విప్పి, ఆమె చేతికి కట్టబోయాడు. జమ్లీ చెయ్యి వెనక్కి లాక్కుంది. సంగీతే కట్టింది.

ఆటోలో సర్కారు దవాఖానకు పోయారు. కుట్లు వేస్తూ డాక్టరమ్మ అడిగింది, "ఎట్ల తగిలిందవ్వా?"

"జారి పడ్డ," అంది జమ్లీ. ఎప్పుడూ చెప్పే మాటే.

"జారలే మేడం." తలుపు దగ్గర నుంచి గోప్యా గొంతు వచ్చింది. "నేనే గొట్టిన. ఎప్పటిసందో గొడ్తనే ఉన్న."

జమ్లీ గోడవైపు తిరిగింది. ఇన్నేళ్లు దాచుకున్న ఏడుపంతా నలుగురి ముందు బయటపడింది. సంగీత ఆమె తల నిమురుతూ కూర్చుంది.

"పోలీసులకు చెప్తావవ్వా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఇప్పుడు చెప్ప. మల్ల చెయ్యి లేస్తే చెప్త. మొగడని జూడ, కొడుకని జూడ," అంది జమ్లీ కళ్లు తుడుచుకుని.

ఆమె ఇంటికి రాలేదు. కొన్నాళ్లు జనగామలో సంగీత తల్లిగారింట్లో ఉంటానంది. సంగీత కూడా ఆమెతోనే బయల్దేరింది.

"తోలుకపోను ఎప్పుడు రావాలె?" బస్టాండులో గోప్యా భయపడుతూ అడిగాడు.

"నేను పిలిస్తె రా. పిలవకుంటే రాకు."

బస్సు కదిలింది. తండ్రీకొడుకులు సిమెంటు బల్ల మీద ఎడంగా కూర్చున్నారు. కాసేపటికి ఉపేందర్ లేచి జేబురుమాలు నీళ్లతో తడిపి తెచ్చాడు. తండ్రి మూతి మీద గడ్డకట్టిన రక్తాన్ని మెల్లగా తుడవసాగాడు.

గోప్యా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"గీ కొట్టుడు నేనే నేర్పిన కొడుకా నీకు," అన్నాడు.